ఆర్యెన్ రాబెన్ కెరీర్: తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రి పన్నెండు దాటాక యూరప్ ఫుట్‌బాల్ చూసే మనవాళ్ళ దగ్గర నెదర్లాండ్స్ (డచ్) ఆటగాడు రాబెన్ పేరెత్తితే అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఎప్పుడూ ఎడమ కాలితోనే కొట్టేవాడు కదా, ఎందుకు ఆపలేకపోయారు? 2010 వరల్డ్ కప్ ఫైనల్ పోవడానికి అతనే కారణమా? అన్నేళ్ళు గాయాలతో ఎలా నెట్టుకొచ్చాడు? వాటన్నిటినీ ఒకచోట చేర్చి, దశలవారీగా జవాబులు రాశాను. వరసగా చదవాలని లేదు, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

## మొదలు: నెదర్లాండ్స్‌లో

రాబెన్ ఏ ఊరివాడు? పెద్ద నగరంలో పెరిగాడా?

కాదు. 1984 జనవరి 23న బేడమ్‌లో పుట్టాడు. నెదర్లాండ్స్ ఉత్తర భాగంలో, గ్రోనింగెన్ నగరానికి దగ్గర్లో ఉన్న చిన్న ఊరది. ఆ దేశంలో ఫుట్‌బాల్ పెత్తనమంతా ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్, ఐండ్‌హోవెన్ క్లబ్‌లదే. రాబెన్ ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్ అజాక్స్ అకాడమీ పిల్లవాడు కాదు. మొదట ఊరి క్లబ్‌లో, తర్వాత ఎఫ్‌సీ గ్రోనింగెన్ యూత్ జట్లలో ఆడి పైకొచ్చాడు.

బంతి మీద అంత పట్టు చిన్నప్పుడే వచ్చిందా?

చాలావరకు అవును. వీల్ కూర్వర్ అనే డచ్ కోచ్ పిల్లల కోసం ఒక శిక్షణ పద్ధతి తయారుచేశాడు. జట్టు వ్యూహాలు, పరుగు పందేలు తర్వాత సంగతి, ముందు పిల్లవాడికీ బంతికీ స్నేహం కుదరాలి అంటుంది ఆ పద్ధతి. ఒక్కో కదలికను శరీరానికి అలవాటయ్యేదాకా వందలసార్లు చేయిస్తారు. రాబెన్ ఆ పద్ధతిలోనే నేర్చుకున్నాడు. పరుగు వేగం ఏమాత్రం తగ్గకుండా బంతిని కాలికి అరడుగు దూరంలోనే ఉంచుకోవడం చూస్తే ఆ పునాది తెలిసిపోతుంది.

ఎన్నేళ్ళకు పెద్ద జట్టులోకి వచ్చాడు?

పదహారేళ్ళకే. 2000 డిసెంబర్‌లో ఆర్‌కేసీ వాల్‌వెయిక్ మీద ఎఫ్‌సీ గ్రోనింగెన్ తరఫున డచ్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు.

పీఎస్‌వీలో ఆడింది రెండేళ్ళే కదా, అక్కడ చెప్పుకోదగ్గది ఏముంది?

2002లో సుమారు 39 లక్షల యూరోలకు పీఎస్‌వీ ఐండ్‌హోవెన్ అతన్ని కొంది. కోచ్ గూస్ హిడ్డింక్. ముందు వరసలో సెర్బియా స్ట్రైకర్ మాతేయా కెజ్‌మన్ తోడయ్యాడు. 2002-03 సీజన్‌లో కెజ్‌మన్ లీగ్‌లో 35 గోల్స్ కొడితే, పంతొమ్మిదేళ్ళు నిండుతున్న రాబెన్ 12 కొట్టాడు. లీగ్ టైటిల్ పీఎస్‌వీకి వచ్చింది. అభిమానులు ఈ జంటను ‘బ్యాట్‌మన్ అండ్ రాబెన్’ అని పిలుచుకున్నారు. రెండో సీజన్‌లో గాయాలు మొదలయ్యాయి. అప్పటికే పెద్ద క్లబ్‌ల కళ్ళు అతని మీద పడ్డాయి.

## లండన్, మాడ్రిడ్

మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్ళాల్సినవాడు చెల్సీలో ఎలా తేలాడు?

డబ్బు దగ్గర. అలెక్స్ ఫెర్గూసన్‌కు రాబెన్ నచ్చాడు, కుర్రాడు మాంచెస్టర్ వెళ్ళి వచ్చాడు కూడా. కానీ యునైటెడ్ ఇస్తానన్న మొత్తం పీఎస్‌వీ అడిగినదానికి చాలా తక్కువ. 2003లో రోమన్ అబ్రమోవిచ్ చెల్సీని కొన్నాక ఆ క్లబ్‌కు డబ్బు లోటు లేదు. 2004లో సుమారు 1.2 కోట్ల పౌండ్లకు బేరం కుదిరింది. ఆ వేసవిలోనే జోసే మౌరీన్యో కోచ్‌గా వచ్చాడు.

చెల్సీలో మొదటి నెలల్లో కనిపించలేదు, ఎందుకు?

సీజన్ మొదలయ్యే ముందు రోమాతో ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌లో పాదం ఎముక విరిగింది. శరదృతువు దాకా ఆడలేకపోయాడు. తిరిగొచ్చిన వెంటనే 2004 నవంబర్‌లో ప్రీమియర్ లీగ్ ‘ప్లేయర్ ఆఫ్ ద మంత్’ అయ్యాడు. గాయం, సుదీర్ఘ విరామం, వచ్చీరాగానే మంచి ఆట. తర్వాతి పదిహేనేళ్ళు అతని కెరీర్ ఈ లయలోనే నడిచింది.

చెల్సీ టైటిల్స్‌లో అతని పాత్ర నిజంగా అంత ఉందా?

2004-05లో చెల్సీ లీగ్ గెలిచింది, అదీ యాభై ఏళ్ళ తర్వాత. ఆ జట్టును తలచుకున్నప్పుడు డిఫెన్స్, మిడ్‌ఫీల్డర్ ల్యాంపార్డ్, గోల్‌కీపర్ చెక్ గుర్తొస్తారు. కానీ ఆ చలికాలంలో ప్రత్యర్థులను నిజంగా భయపెట్టింది రెండు వింగ్‌లలో (మైదానం రెండు పక్కల అంచుల్లో) రాబెన్, డేమియన్ డఫ్. ఇద్దరూ ఎడమకాలి ఆటగాళ్ళే. మ్యాచ్ మధ్యలో కుడి ఎడమలు మార్చుకునేవారు, ఏ ఫుల్‌బ్యాక్‌కు (పక్క అంచును కాపాడే డిఫెండర్‌కు) ఎవరొస్తారో తెలిసేది కాదు. 2005 ఫిబ్రవరిలో బ్లాక్‌బర్న్‌లో మళ్ళీ పాదానికి దెబ్బ తగిలి రాబెన్ చాలా మ్యాచ్‌లకు దూరమయ్యాడు, అయినా టైటిల్ వచ్చింది. మరుసటి ఏడాది లీగ్ మళ్ళీ గెలిచారు. 2007లో ఇంగ్లండ్ ఎఫ్‌ఏ కప్ కూడా అందుకున్నాక అతను స్పెయిన్ వెళ్ళాడు.

రియల్ మాడ్రిడ్ అతన్ని ఎందుకు అమ్మేసింది? ఆడలేకపోయాడా?

ఆట సమస్య కాదు. 2007లో సుమారు 3.5 కోట్ల యూరోలిచ్చి కొన్నారు. మొదటి సీజన్‌లోనే లా లిగా టైటిల్ వచ్చింది. రెండో సీజన్‌లో జట్టు తడబడినా రాబెన్ బాగానే ఆడాడు. 2009 వేసవిలో ఫ్లోరెంటీనో పెరెజ్ మళ్ళీ అధ్యక్షుడై క్రిస్టియానో రొనాల్డో, కాకా, బెంజిమా, షాబి అలోన్సోలను ఒకేసారి తెచ్చాడు. డబ్బు వెనక్కి రావాలి, జట్టులో ఖాళీ కావాలి. డచ్ ఆటగాళ్ళను ఒక్కొక్కరిగా బయటికి పంపారు. రాబెన్‌కు వెళ్ళాలని లేదు, ఆ మాట దాచుకోనూ లేదు.

నా లెక్కలో ఆ క్లబ్ ఈ శతాబ్దంలో చేసిన పెద్ద తప్పుల్లో ఇదొకటి. ఇరవై అయిదేళ్ళ వింగర్‌ను, సరిగ్గా పదును తేరుతున్న సమయంలో, కొన్నదానికంటే తక్కువకు ఇచ్చేసింది.

## మ్యూనిక్‌లో పదేళ్ళు

మాడ్రిడ్ నుంచి జర్మనీలోని బాయర్న్ మ్యూనిక్‌కు రావడం అంటే మెట్టు దిగినట్టే కదా?

ఆ రోజుల్లో చాలామంది అలాగే అనుకున్నారు. 2009లో బాయర్న్ చేతిలో జర్మన్ లీగ్ కూడా లేదు, టైటిల్ వోల్ఫ్స్‌బర్గ్ గెలిచింది. యూరప్ అగ్ర క్లబ్‌ల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో ఫైనల్ చేరి ఎనిమిదేళ్ళయింది. కానీ కోచ్ కుర్చీలో డచ్ మనిషి లూయీ వాన్ హాల్ ఉన్నాడు. అతను తీసుకున్న నిర్ణయమే రాబెన్ జీవితాన్ని మార్చింది: ఫ్రాన్స్ ఆటగాడు రిబెరీ ఎడమ వింగ్‌లో, రాబెన్ ఇక కుడి వింగ్‌లోనే. ఎడమకాలి ఆటగాణ్ణి కుడి పక్కన నిలబెడితే గోల్ ఎప్పుడూ అతని బలమైన కాలికి ఎదురుగా ఉంటుంది.

మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడంటారు, నిజమేనా?

నిజమే. 2009 ఆగస్టు 28న ఒప్పందం, మరుసటి రోజే మ్యాచ్. ఛాంపియన్ వోల్ఫ్స్‌బర్గ్ మీద విరామం తర్వాత సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. కాసేపటికి రిబెరీ కూడా బెంచ్ నుంచి వచ్చాడు. బాయర్న్ 3-0తో గెలిచింది, అందులో రెండు రాబెన్‌వి. జట్టు సహచరుల పేర్లన్నీ సరిగ్గా తెలియక ముందే స్టేడియం మొత్తం అతని వశమైంది.

లోపలికి వచ్చి ఎడమ కాలితో కొడతాడని అందరికీ తెలుసు. మరి పదేళ్ళపాటు ఎవరూ ఎందుకు ఆపలేకపోయారు?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మలింగ యార్కర్ వేస్తాడని బ్యాట్స్‌మన్‌కు తెలియకనా వికెట్ పడేది? ఏం వస్తుందో తెలియడం వేరు, ఎప్పుడు వస్తుందో తెలియడం వేరు.

రాబెన్ కుడి గీత పక్కన బంతి అందుకుని నిలబడ్డప్పుడు డిఫెండర్ ముందు రెండు దారులుంటాయి. లోపలి వైపు మూసేస్తే బయట గీత వెంట పరుగు తీస్తాడు, ఆ వేగాన్ని నిలబడి ఉన్నవాడు అందుకోలేడు. బయట మూస్తే లోపలికి వస్తాడు. సరే, లోపలికే వస్తాడనుకుని ముందే అటు ఒరిగితే? అక్కడే అసలు పని. రాబెన్ అడుగులు చాలా చిన్నవి, చాలా త్వరగా పడతాయి. దాదాపు ప్రతి అడుగుకూ బంతిని తాకుతాడు. అంటే ఏ అడుగు దగ్గరైనా మలుపు తీసుకోగలడు. డిఫెండర్ బరువు ఒక కాలి మీదికి మారిన క్షణం చూసి కోస్తాడు. ఆ సగం సెకను ఆలస్యాన్ని డిఫెండర్ మళ్ళీ పూడ్చుకోలేడు.

తర్వాత షాట్. పెనాల్టీ పెట్టె అంచున, గోల్‌కు సమాంతరంగా పరిగెడుతూ, కాలు పెద్దగా వెనక్కి ఎత్తకుండా కొడతాడు. అడ్డొచ్చిన ముగ్గురు నలుగురి మధ్య నుంచి గోల్‌కీపర్‌కు బంతి కనిపించేసరికి అది దూరపు పోస్ట్ వైపు వంగిపోయి ఉంటుంది.

ఇందులో సహచరుల వాటా కూడా చెప్పాలి. అతను లోపలికి కోసినప్పుడల్లా ఫుల్‌బ్యాక్ ఫిలిప్ లామ్ బయటి వైపు నుంచి ముందుకు పరిగెత్తేవాడు. రెండో డిఫెండర్ రాబెన్ మీదికి వెళ్ళాలా, లామ్‌ను చూడాలా? ఎటు వెళ్ళినా నష్టమే.

కుడి కాలు అసలు వాడేవాడే కాదా?

వాడేవాడు, తక్కువగా. బయటి వైపు వెళ్ళి కుడి కాలితో క్రాస్ వేసిన సందర్భాలున్నాయి. ఆ కాస్త వాడకం వల్లే డిఫెండర్ మనసులో అనుమానం ఉండేది. 2010 వరల్డ్ కప్ సెమీఫైనల్లో ఉరుగ్వే మీద తలతో గోల్ కొట్టాడు కూడా.

2010లో మాంచెస్టర్ యునైటెడ్ మీద కొట్టిన గోల్ గురించి అంత గొప్పగా ఎందుకు చెప్తారు?

2010 ఏప్రిల్ 7, ఓల్డ్ ట్రాఫర్డ్, ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్‌ఫైనల్. బాయర్న్ ఒక దశలో 3-0తో వెనకబడింది. ఒలిచ్ ఒక గోల్ తిరిగిచ్చాడు. రెండో అర్ధభాగంలో రిబెరీ కార్నర్‌ను గోల్ ముందుకు కాకుండా పెట్టె అంచున ఒంటరిగా ఉన్న రాబెన్ వైపు గాల్లోకి కొట్టాడు. నేలను తాకనివ్వకుండా ఎడమ కాలితో కొట్టిన ఆ వాలీ జనం మధ్య నుంచి దూరపు మూలలోకి దూరింది. మ్యాచ్ 3-2తో ఓడినా, అప్పటి బయటి గోల్స్ నియమంతో (రెండు మ్యాచ్‌ల మొత్తం సమమైతే ప్రత్యర్థి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టుదే గెలుపు) బాయర్న్ ముందుకెళ్ళింది. అంతకు ముందు రౌండ్‌లో ఫియొరెంటీనాను కూడా దూరం నుంచి కొట్టిన గోల్‌తో ఇలాగే దాటించాడు. ఆ సీజన్ జర్మన్ లీగ్ బుండెస్‌లీగాలో 24 మ్యాచ్‌ల్లో 16 గోల్స్ కొట్టి, జర్మనీ ‘ఫుట్‌బాలర్ ఆఫ్ ద ఇయర్’ గౌరవం అందుకున్న మొదటి డచ్ ఆటగాడయ్యాడు.

రియల్ మాడ్రిడ్ వదిలేసిన ఇద్దరు డచ్‌వాళ్ళు అదే స్టేడియంలో ఫైనల్ ఆడారట కదా?

అవును. 2010 మే 22న ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ రియల్ మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబ్యూలో జరిగింది. బాయర్న్ తరఫున రాబెన్, ఇంటర్ మిలాన్ తరఫున వెస్లీ స్నైడర్. ఇద్దరినీ ఏడాది కిందటే ఆ క్లబ్ పంపించేసింది. మౌరీన్యో కోచ్‌గా ఉన్న ఇంటర్ 2-0తో గెలిచింది.

రాబెన్, రిబెరీ నిజంగా స్నేహితులేనా? కొట్టుకున్నారని విన్నాం.

రెండూ నిజమే. 2012 ఏప్రిల్‌లో రియల్ మాడ్రిడ్‌తో సెమీఫైనల్ మొదటి మ్యాచ్ విరామంలో, ఫ్రీకిక్ ఎవరు కొట్టాలన్న మాట మీద గొడవై రిబెరీ చెయ్యి చేసుకున్నాడు. క్లబ్ జరిమానా వేసింది, రిబెరీ క్షమాపణ చెప్పాడు. వారం తర్వాత ఇద్దరూ కలిసే మాడ్రిడ్ వెళ్ళి జట్టును ఫైనల్‌కు చేర్చారు. ఇద్దరి పేర్లు కలిపి జనం పెట్టిన ‘రాబరీ’ ఏడేళ్ళ తర్వాత కూడా నిలిచే ఉంది. ఇద్దరికీ బంతి కావాలి, ఇద్దరికీ ఆఖరి షాట్ కావాలి. అలాంటి ఇద్దరు పదేళ్ళు ఒకే జట్టులో నిలవడం ప్రపంచ ఫుట్‌బాల్‌లో అరుదు.

2012లో అతని మీద అంత కోపం ఎందుకు వచ్చింది?

ఐదారు వారాల్లో అన్నీ మీద పడ్డాయి. ఏప్రిల్ 11న డార్ట్‌మండ్‌తో లీగ్‌ను తేల్చే మ్యాచ్. 1-0తో వెనకబడి ఉండగా చివర్లో రాబెన్ కొట్టిన పెనాల్టీని డార్ట్‌మండ్ గోల్‌కీపర్ వైడెన్‌ఫెల్లర్ పట్టేశాడు, టైటిల్ దాదాపు చేజారింది.

మే 19న ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. మైదానం బాయర్న్ సొంత అలియాంజ్ అరీనా, ప్రత్యర్థి పాత క్లబ్ చెల్సీ. 83వ నిమిషంలో బాయర్న్‌కు ముల్లర్ గోల్, 88వ నిమిషంలో చెల్సీకి ద్రోగ్బా హెడర్. ఎక్స్‌ట్రా టైమ్‌లో బాయర్న్‌కు పెనాల్టీ వచ్చింది. రాబెన్ కొట్టాడు, చెల్సీలో మూడేళ్ళు ట్రెయినింగ్‌లో అతని షాట్లు ఎదుర్కొన్న పీటర్ చెక్ ఆపాడు. షూటౌట్‌లో రాబెన్ దిగలేదు, బాయర్న్ ఓడింది.

అప్పుడు మనకు ఇక్కడ తెల్లవారుజాము మూడు అవుతోంది. చూసినవాళ్ళెవరూ ఆ రాత్రి మర్చిపోలేదు.

సొంత అభిమానులే అతన్ని హేళన చేశారా?

చేశారు. ఫైనల్ ఓడిన మూడు రోజులకే మ్యూనిక్‌లో బాయర్న్, నెదర్లాండ్స్ జట్ల మధ్య ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఉంది. 2010లో రాబెన్ గాయం విషయంలో బాయర్న్‌కు జరిగిన నష్టానికి పరిహారంగా డచ్ సంఘం ఒప్పుకున్న మ్యాచ్ అది. నెదర్లాండ్స్ నారింజ జెర్సీలో దిగిన రాబెన్‌కు బంతి అందినప్పుడల్లా ఈలలు వేశారు. తమను ఫైనల్‌కు చేర్చినవాళ్ళలో ఒకణ్ణి అలా చెయ్యడం చాలా తప్పు.

వెంబ్లీ ఫైనల్ గోల్‌కు అంత ప్రాముఖ్యం ఎందుకు?

ఏడాది తిరగకుండానే వచ్చింది కాబట్టి, దాదాపు బెంచ్ మీద నుంచి వచ్చింది కాబట్టి. 2012-13లో యూప్ హైంకెస్ జట్టులో రాబెన్‌కు మొదటి పదకొండులో చోటు ఖాయం కాదు. ఏప్రిల్‌లో యువెంటస్ మ్యాచ్‌లో టోనీ క్రూస్ గాయపడ్డాక తలుపు తెరుచుకుంది. అక్కణ్ణుంచి అతను వదల్లేదు, సెమీఫైనల్లో బార్సిలోనా మీద రెండు మ్యాచ్‌ల్లోనూ గోల్ కొట్టాడు.

2013 మే 25, ప్రత్యర్థి డార్ట్‌మండ్. మొదటి అర్ధభాగంలో రాబెన్ మంచి అవకాశాలు పోగొట్టాడు, ఒకటి వైడెన్‌ఫెల్లర్ ముఖానికే తగిలింది. మళ్ళీ అదే కథ అనిపించింది. 60వ నిమిషంలో గోల్ లైన్ దాకా వెళ్ళి మాంజుకిచ్‌కు బంతి ఇచ్చి మొదటి గోల్ చేయించాడు. డార్ట్‌మండ్ ఆటగాడు గుండోవన్ పెనాల్టీతో సమం. 89వ నిమిషంలో బోటెంగ్ పొడవుగా వేసిన బంతిని రిబెరీ మడమతో వెనక్కి తోశాడు, రాబెన్ ఇద్దరి మధ్య నుంచి దూసుకెళ్ళి గోల్‌కీపర్‌ను తప్పించి నెమ్మదిగా మూలలోకి నెట్టాడు. ఆ బంతిలో వేగం లేదు, సరిగ్గా తగలనూ లేదు. అయినా లోపలికి వెళ్ళింది. బాయర్న్ ఆ ఏడాది లీగ్, జర్మన్ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ గెలిచింది.

ఏడాది ముందు పెనాల్టీ పోగొట్టిన మనిషి చివరి నిమిషంలో బంతి కోసం ఆ పరుగు తియ్యడమే నాకు ఆ గోల్ కంటే పెద్ద విషయం. దాక్కోవడానికి వింగ్ కంటే మంచి చోటు లేదు, గీత పక్కన ఊరికే నిలబడితే ఎవరూ అడగరు.

బాయర్న్‌లో మొత్తం ఎన్ని గోల్స్, ఎన్ని టైటిల్స్?

309 మ్యాచ్‌లు, 144 గోల్స్. బుండెస్‌లీగాలో 201 మ్యాచ్‌ల్లో 99 గోల్స్, వందకు ఒక్కటి తక్కువ. 8 లీగ్ టైటిల్స్, 5 జర్మన్ కప్‌లు, ఒక ఛాంపియన్స్ లీగ్. నాలుగు దేశాల లీగ్‌లు కలిపితే 12 టైటిల్స్: పీఎస్‌వీతో 1, చెల్సీతో 2, రియల్‌తో 1, బాయర్న్‌తో 8.

బాయర్న్‌లో వీడ్కోలు ఎలా జరిగింది?

2019 మే 18న ఫ్రాంక్‌ఫర్ట్ మీద లీగ్ ఆఖరి మ్యాచ్. రిబెరీ, రాబెన్ ఇద్దరూ సబ్‌స్టిట్యూట్లుగా దిగి ఇద్దరూ గోల్ కొట్టారు. 5-1తో గెలిచి టైటిల్ అందుకున్నారు.

## నారింజ జెర్సీలో

2010 వరల్డ్ కప్‌కు గాయంతోనే వెళ్ళాడా?

అవును. జూన్ 5న హంగరీతో ఆడిన ఆఖరి సన్నాహక మ్యాచ్‌లో, 6-1తో గెలుస్తుండగా తొడ వెనక కండరం పట్టేసింది. జట్టు దక్షిణాఫ్రికాకు వెళ్ళింది, రాబెన్ చికిత్స కోసం నెదర్లాండ్స్‌లో ఆగి తర్వాత కలిశాడు. కామెరూన్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు, స్లొవేకియా మీద, ఉరుగ్వే మీద గోల్స్ కొట్టాడు. టోర్నీ అయ్యాక మ్యూనిక్ డాక్టర్లు పరీక్షిస్తే ఆ కండరంలో పెద్ద చీలిక ఉందని తేలింది. దాంతో 2011 జనవరి దాకా ఆడలేకపోయాడు. బాయర్న్ డచ్ సంఘం మీద మండిపడింది. జీతం ఇచ్చేది క్లబ్, గాయంతో ఆడించింది దేశం కాబట్టి ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఇరవై ఆరేళ్ళ ఆటగాణ్ణి వరల్డ్ కప్ వదులుకోమని అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ ఫైనల్లో స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ ఒక్కడే ఎదురుగా ఉన్నా ఎలా మిస్ చేశాడు?

2010 జూలై 11, జొహానెస్‌బర్గ్. 62వ నిమిషంలో స్నైడర్ పాస్‌తో రాబెన్ ఒంటరిగా గోల్ వైపు వెళ్ళాడు. అంత దూరం పరిగెత్తాక ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. కసియాస్ ఒక పక్కకు పడ్డాడు, రాబెన్ రెండో పక్కకు కొట్టాడు, వెనక మిగిలిన కుడి కాలి పాదానికి తగిలి బంతి పోస్ట్ పక్కనుంచి బయటికి పోయింది. రాబెన్ కొట్టింది తప్పు చోటుకు కాదు. కీపర్ ఆఖరి క్షణంలో కాలు చాచిన తీరు గొప్పది. 116వ నిమిషంలో ఇనియెస్టా గోల్‌తో స్పెయిన్ గెలిచింది. ఓటమిని ఆ ఒక్క క్షణానికి కట్టేస్తే మిగిలిన 119 నిమిషాలకు అన్యాయం చేసినట్టే.

డైవ్ చేస్తాడన్న పేరు న్యాయమేనా?

కొంత న్యాయమే. 2014 వరల్డ్ కప్‌లో మెక్సికో మీద మొదటి అర్ధభాగంలో కావాలని పడ్డానని మ్యాచ్ అయ్యాక తానే ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. అదే మ్యాచ్ ఆఖర్లో రఫాయెల్ మార్కెజ్ కాలు తగిలి వచ్చిన పెనాల్టీ మాత్రం నిజమైన ఫౌలే అన్నాడు. హుంటెలార్ ఆ పెనాల్టీతో 2-1 చేశాడు. మెక్సికోలో ‘నో ఎరా పెనాల్’ (అది పెనాల్టీ కాదు) అన్న నినాదం ఇప్పటికీ వినిపిస్తుంది.

రెండో వైపు కూడా చూడాలి. 2010 వరల్డ్ కప్ ఫైనల్ 83వ నిమిషంలో స్పెయిన్ డిఫెండర్ పుయోల్ వెనక నుంచి పట్టి లాగినా రాబెన్ పడకుండా గోల్ కోసం పరిగెత్తాడు, కసియాస్ బంతి లాగేసుకున్నాడు. అక్కడ పడి ఉంటే పుయోల్ బయటికి వెళ్ళే అవకాశం గట్టిగా ఉంది. రిఫరీతో వాదించినందుకు రాబెన్‌కే పసుపు కార్డు వచ్చింది.

2014లో స్పెయిన్ మీద 5-1 మ్యాచ్‌లో వింగర్‌గా ఆడాడా?

కాదు. కోచ్ వాన్ హాల్ ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లతో ఆడించి, రాబెన్‌ను వాన్ పెర్సీ పక్కన స్ట్రైకర్‌గా పెట్టాడు. డిఫెన్స్ వెనక ఖాళీ స్థలంలోకి పరిగెత్తడమే పని. జూన్ 13న సాల్వడోర్‌లో ఛాంపియన్ స్పెయిన్ మీద రెండు గోల్స్ కొట్టాడు. రెండోది సగం మైదానం నుంచి రామోస్‌ను దాటుకుంటూ వెళ్ళి, కసియాస్‌ను నేల మీద పాకించి కొట్టింది. ఆ టోర్నీలో నెదర్లాండ్స్ మూడో స్థానంలో నిలిచింది, రాబెన్‌కు టోర్నీ మూడో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రాంజ్ బాల్ వచ్చింది. అదే ఏడాది ప్రపంచ ఉత్తమ ఆటగాడి అవార్డు బాలన్ డోర్ ఓట్లలో నాలుగో స్థానం. నా దృష్టిలో అతని అత్యుత్తమ ఏడాది అదే.

జాతీయ జట్టుకు ఎందుకు, ఎప్పుడు వీడ్కోలు చెప్పాడు?

2017 అక్టోబర్ 10న. 2018 వరల్డ్ కప్‌కు అర్హత రావాలంటే ఆఖరి మ్యాచ్‌లో స్వీడన్‌ను ఏడు గోల్స్ తేడాతో ఓడించాలి. నెదర్లాండ్స్ 2-0తో గెలిచింది, రెండూ కెప్టెన్ రాబెన్ కొట్టినవే. ఆ రాత్రే తప్పుకున్నాడు. 96 మ్యాచ్‌లు, 37 గోల్స్.

## గాయాలు, ఆఖరి రోజులు

‘గాజు మనిషి’ అన్న పేరు సరైనదేనా?

గాయాలు ఎక్కువే, కాదనలేం. పాదం ఎముక, తొడ వెనక కండరం, గజ్జలు, పిక్క. 2015 ఏప్రిల్‌లో డార్ట్‌మండ్‌తో జర్మన్ కప్ సెమీఫైనల్లో గాయం నుంచి తిరిగొచ్చి సబ్‌స్టిట్యూట్‌గా దిగితే పావుగంటకే పిక్క కండరం చిరిగి సీజన్ ముగిసింది. అయినా ఆ మాట నాకు నచ్చదు. బలహీనంగా ఉన్నవాడు పదేళ్ళపాటు బాయర్న్‌లో నిలవడు. ప్రతిసారీ సున్నా నుంచి మొదలుపెట్టి అదే వేగానికి తిరిగి రావడానికి ఎంత టెన్షన్, ఎంత చాకిరీ ఉంటుందో ఆ పేరు పెట్టినవాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు.

వింగర్లకే తొడ వెనక కండరం ఎందుకు పదేపదే పోతుంది?

పూర్తి వేగంతో పరిగెడుతున్నప్పుడు కాలు ముందుకు విసిరిన క్షణంలో ఆ కండరం సాగుతూనే కాలును ఆపాలి. ఎక్కువ భారం పడేది అక్కడే. వింగర్ పని మొత్తం నిలబడ్డచోటు నుంచి ఒక్కసారిగా దూకడం, వెంటనే ఆగడం, మళ్ళీ దూకడం. ఒకసారి చిరిగిన కండరం మళ్ళీ చిరిగే ప్రమాదం మామూలుకంటే ఎక్కువ.

రిటైరయ్యాక మళ్ళీ గ్రోనింగెన్‌కు ఎందుకు వచ్చాడు?

2019 జూలైలో రిటైరయ్యాడు. 2020లో కరోనాతో క్లబ్‌లు కష్టాల్లో పడ్డప్పుడు, తనను పెంచిన ఎఫ్‌సీ గ్రోనింగెన్‌కు అండగా ఉండాలని 36 ఏళ్ళ వయసులో తిరిగొచ్చాడు. సెప్టెంబర్ 13న మొదటి మ్యాచ్ పీఎస్‌వీతో, అరగంటకే గాయంతో బయటికి. నెలల తరబడి శ్రమించి వసంతంలో మళ్ళీ దిగాడు. 2021 మేలో ఎమ్మెన్ మీద 4-0 గెలుపులో రెండు గోల్స్‌కు పాస్‌లు ఇచ్చాడు. జూలైలో శాశ్వతంగా ఆట ఆపాడు. ఆడింది కొద్ది మ్యాచ్‌లే. ఆ ఊరివాళ్ళకు మాత్రం అవి చాలు.

ఇప్పుడు పరుగు మానేశాడా?

లేదు. రోటర్‌డామ్ మారథాన్ పరిగెత్తాడు. 2023లో మూడు గంటల లోపు పూర్తిచేశాడు.

కొత్తగా చూసేవాళ్ళు ఏ మ్యాచ్‌లతో మొదలుపెట్టాలి?

గోల్స్ కలిపి కుట్టిన వీడియోలు వద్దు, వాటిలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పూర్తి మ్యాచ్ దొరికితే ముందు 2009 ఆగస్టు వోల్ఫ్స్‌బర్గ్ మ్యాచ్ రెండో అర్ధభాగం, తర్వాత 2010 ఏప్రిల్ ఓల్డ్ ట్రాఫర్డ్, ఆపైన 2014 స్పెయిన్ మ్యాచ్. వెంబ్లీ ఫైనల్ మాత్రం మొదటి నిమిషం నుంచీ చూడండి. 89వ నిమిషం ముందు అతను పోగొట్టిన అవకాశాలు, తల పట్టుకున్న తీరు, అయినా తర్వాతి బంతి కోసం చెయ్యెత్తి అడగడం అన్నీ వరసగా చూడాలి. బంతి తన దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడో కూడా గమనించండి. గీత మీద సున్నం అంటేంత అంచున నిలబడి ఫుల్‌బ్యాక్‌ను బయటికి లాగుతుంటాడు. ఆ తర్వాత జరిగే కోతకు చోటు అక్కడే తయారవుతుంది.